సామాను సర్దాక మిగిలిన చోటు

అండమాన్ దారుల్లో బండి ఎక్కేవారికి ఏమేం తీసుకెళ్లాలన్నది సగం ప్రశ్నే. దేనికి చోటు వదలాలన్నది మిగతా సగం.

జిర్కాటాంగ్ చెక్‌పోస్టు దగ్గర తెల్లవారకముందే బళ్లు బారులు తీరతాయి. పర్యాటకుల కార్లు, బస్సులు, సిమెంటు లారీలు, కూరగాయల వ్యాన్లు. కాన్వాయ్ కదిలేదాకా చాలామంది టీ తాగుతూ, సెల్‌ఫోన్లో సిగ్నల్ వెతుక్కుంటూ గడిపేస్తారు. ఒక పాత బొలెరో యజమాని మాత్రం వెనక తలుపు తీసి, లోపలి సామాన్లను ఒక్కొక్కటిగా పట్టుకుని ఊపి చూస్తారు. ఏదీ కదలకూడదు. కదిలిందా, పట్టీని మరో మెట్టు బిగిస్తారు. పక్క కార్లోని వాళ్లకది చాదస్తంలా కనిపిస్తుంది. ముందున్న దారి సంగతి తెలిస్తే అలా అనిపించదు.

జిర్కాటాంగ్ నుంచి మిడిల్ స్ట్రెయిట్ దాకా దాదాపు 50 కిలోమీటర్లు జరావాల అభయారణ్యం. వాహనాలన్నీ పోలీసు కాపలాలో, గుంపుగా పోవాలి. గంటకు 40 కిలోమీటర్లు దాటకూడదు. ఫొటోలు తీయకూడదు. జరావాలకు తిండి, బట్టలు వంటివేవీ ఇవ్వకూడదు. అన్నిటికన్నా ముఖ్యంగా దారిలో బండి ఆపకూడదు. టాపు మీద తాడు సడలినా, టార్పాలిన్ ఎగిరినా దిగి సర్దుకునే వీల్లేదు. జారిపడిన బిస్కెట్ ప్యాకెట్టో, ప్లాస్టిక్ సంచో బయటివాళ్ల జబ్బులకు అలవాటు పడని మనుషుల చేతికి చేరుతుంది. అందుకే ఆయన టాపు మీద ఏమీ కట్టరు. లోపల ఏదీ వదులుగా ఉంచరు.

ఆయన పని మరపడవల ఇంజన్లు, జనరేటర్లు బాగుచేయడం. ఇల్లు పోర్ట్‌బ్లెయిర్‌లోని జంగ్లీఘాట్‌లో. ఆ ఊరి పేరు 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురంగా మారింది గానీ ఆయన నోట ఇంకా పాత పేరే. తండ్రి శ్రీకాకుళం తీరం నుంచి విశాఖ రేవులో ఓడెక్కి చేపల వేటకు వచ్చారు. అలా వచ్చిన కుటుంబాలు ఇక్కడ తక్కువేమీ కాదు. 2011 జనాభా లెక్కల్లో దీవుల జనంలో 13 శాతానికి పైగా తెలుగే మాతృభాషగా చెప్పారు. కొడుకు వల వదిలి స్పానర్ పట్టారు. రంగత్, మాయాబందర్, డిగ్లీపూర్ - ఎక్కడ ఇంజన్ మొరాయించినా బయల్దేరాల్సిందే. పోర్ట్‌బ్లెయిర్ నుంచి డిగ్లీపూర్‌కు 300 కిలోమీటర్ల పైనే. మధ్యలో ఒక సామాను మరిచిపోయామంటే ఆ రోజు పని పోయినట్టే. కొన్ని విడిభాగాలు డిగ్లీపూర్‌లోనే కాదు, పోర్ట్‌బ్లెయిర్‌లోనూ దొరకవు. చెన్నై నుంచో, విశాఖ నుంచో ఓడ రావాలి.

మొదట్లో ఆయన బొలెరో వెనక భాగం గోనె సంచుల సంతలా ఉండేది. పదమూడో నంబరు స్పానర్ కోసం మూడు సంచులు దులపాలి. ఒకసారి ఆవకాయ జాడీ మూత ఊడి, నూనె గాస్కెట్ల కట్టలోకి ఇంకింది. రెండు నెలల పాటు ఏ పడవ ఇంజన్ విప్పినా భోజనానికి పిలిచినట్టుండేదని ఆయన నవ్వుతారు. నవ్వు రాని సంగతి మరొకటుంది. రంగత్ దాటాక రోడ్డు మీదికి ఒక దూడ వచ్చింది. ఆయన బ్రేకు తొక్కారు. వెనకున్న హైడ్రాలిక్ జాకీ ఎగిరొచ్చి డ్రైవర్ సీటు వీపును గుద్దింది. బండి వేగం ఆ సమయంలో 40 కూడా లేదు. పూర్తి వేగంలో చెట్టును గుద్దుకుంటే, ఆ క్షణంలో లోపలి వస్తువు తన బరువుకు ఇరవై రెట్ల బలంతో ముందుకు దూకగలదు. అంటే 20 కిలోల పనిముట్ల పెట్టె 400 కిలోల దెబ్బ కొడుతుంది. వీపు మీద జాకీ ఆకారంలో కమిలిన మచ్చ చూసుకున్నాక ఆయన వడ్రంగిని పిలిచారు.

జీపు వెనక సొరుగుల పెట్టె బిగించడం కొత్త ఆలోచన కాదు. ఆస్ట్రేలియా ఎడారుల్లో, ఆఫ్రికా దక్షిణాది దేశాల్లో రోజుల తరబడి ఊరు కనిపించని దారుల్లో తిరిగేవారు ఎప్పటి నుంచో చేస్తున్నదే. అక్కడ రెడీమేడ్‌గా అమ్ముతారు. అండమాన్‌లో మాత్రం ఎవరి పెట్టె వాళ్లే కొట్టించుకోవాలి. కలపకు పేరున్న చోటే ఇది. చాతం దీవిలోని రంపపు మిల్లు 1883 నాటిది. 1942లో జపాన్ బాంబు పడిన గొయ్యి ఇప్పటికీ దాని ఆవరణలో చూపిస్తారు. ఇక్కడి గర్జన్ చెక్క ప్లైవుడ్‌కు, పడాక్ సామానుకు ఒకప్పుడు దేశమంతటా గిరాకీ. 2002లో సుప్రీంకోర్టు చెట్ల నరికివేతపై కఠిన ఆంక్షలు పెట్టాక ఆ వ్యాపారం వైభవం తగ్గింది. పడాక్‌తో చేయిద్దామన్న వడ్రంగి మాటను ఆయన ఒప్పుకోలేదు. అందం సరే, బరువో? 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ షీటు, ఎనిమిదడుగులకు నాలుగడుగులది, ఒక్కటే సుమారు 35 కిలోలు తూగుతుంది. పెట్టె బరువెంత పెరిగితే సామాను అంత తగ్గించుకోవాలి. అందుకే అడుగుకూ పైకప్పుకూ 18, పక్కలకూ సొరుగులకూ 12 మిల్లీమీటర్ల మెరైన్ ప్లై.

సీట్లు పీకేద్దామనుకున్నారు గానీ, తెలిసిన వాళ్లు హెచ్చరించారు. రిజిస్ట్రేషన్ పత్రంలో రాసిన వివరాలు మారేలా బండిని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే గట్టిగా చెప్పింది. దాంతో వెనక సీట్లను రెండు పక్కలకూ మడిచి, మధ్యలో మూడడుగుల వెడల్పు పెట్టెను బోల్టులతో నేలకు బిగించారు. బాడీకి కొత్తగా రంధ్రం పెట్టలేదు. ఉప్పుగాలి తగిలే ఊళ్లో ఇనప రేకుకు పెట్టిన ప్రతి రంధ్రం తుప్పుకు తెరిచిన తలుపే.

ఆ తుప్పు మొదటి వానాకాలంలోనే పాఠం చెప్పింది. దీవుల్లో ఏడాదికి 3,000 మిల్లీమీటర్ల దాకా వాన పడుతుంది. వంటింటి సొరుగులకు వాడే బాల్ బేరింగ్ చానళ్లు నాలుగు నెలల్లో బిగుసుకుపోయాయి. అల్యూమినియం మూలల మీద ఇనప స్క్రూలు బిగించిన చోటల్లా తెల్లటి పొడి రాలింది. రెండు లోహాలు తడిలో ఆనుకుంటే ఒకటి రెండోదాన్ని తినేస్తుంది. పడవ ఇంజన్లలో నిత్యం చూసే ఈ సంగతిని సొంత బండిలో మరిచిపోయానని ఆయన తల కొట్టుకున్నారు. చానళ్లు పీకేసి గట్టి చెక్క పట్టీలు వేయించి, వాటి మీద కొవ్వొత్తి రుద్దారు. సొరుగులు మెత్తగా జారాయి. ఇనప స్క్రూల స్థానంలో స్టెయిన్‌లెస్ స్టీల్‌వి వచ్చాయి. కోసిన ప్రతి అంచుకూ పడవలకు పూసే రంగు పూశారు. ప్లైవుడ్‌లోకి నీరు దూరేది అంచుల నుంచే.

ఇక సర్దడం. బరువైనవి అడుగున, వెనక ఇరుసుకు ముందుగా: జాకీ, గొలుసు కప్పీ, పనిముట్లు. ఎర్రమట్టిలో జాకీ దిగబడకుండా కింద వేసే రెండడుగుల పలక దాని పక్కనే. పై సొరుగులో ఫ్యాన్ బెల్టు, రేడియేటర్ గొట్టం, ఫ్యూజులు, గాస్కెట్లు, ఒక్కోటీ ఒక్కో డబ్బాలో. తిండి సామానుకు బిగుతు మూత డబ్బాలు, ఆవకాయకు ప్రత్యేక నిర్బంధం. పంక్చర్ కిట్టు, టార్చి, మందుల పెట్టె, లాగే తాడు మాత్రం ఏ సొరుగులోనూ కాదు, తలుపు తీయగానే చేతికందే చోట. ముందు కావలసింది చివర్న సర్దాలన్నది ఆయన సూత్రం. తోడుండే కుర్రాడికి తెలుగు చదవడం రాదు, ఆయనకు బెంగాలీ రాదు. అందుకే సొరుగులకు రంగు టేపులు అంటించారు. ఎరుపంటే మందులు, నీలమంటే ఇంజను, పసుపంటే తిండి. చీకట్లో, వానలో కళ్లు మూసుకుని స్పానర్ తీయగలిగే స్థితికి వచ్చారు.

పెట్టె చూడ్డానికి బంధువులు, తోటి మెకానిక్‌లు వచ్చారు. మెచ్చుకోనిది తల్లి ఒక్కతే. ఆమె బండి చుట్టూ తిరిగి, సొరుగులు లాగి, మూసి అంది: ‘‘ఏట్రా, సామాన్లన్నింటికీ గదులు కట్టేసినావు. మనిసికి చోటెక్కడ్రా?’’ ముసలామె మాటకు అందరూ నవ్వారు. ఆయన కూడా.

ఆ మాట మళ్లీ గుర్తొచ్చింది ఏరియల్ బే జెట్టీ దగ్గర, ఒక వానాకాలపు రాత్రి. ఇంజను పని ముగించి బయల్దేరబోతుండగా పక్క పడవలో గోల. మంచు పెట్టెలు జరిగి ఒక కూలీ కాలు విరిగింది. అంబులెన్సు అప్పటికే వేరే కేసు మీద దూరం వెళ్లింది. డిగ్లీపూర్ ఆస్పత్రికి పది కిలోమీటర్లు. జెట్టీలో ఉన్న నాలుగు చక్రాల బండి ఆ బొలెరో ఒక్కటే.

సొరుగుల పెట్టె ఆ రాత్రి తన విలువ చూపించింది. అడగ్గానే టార్చి వచ్చింది, గుడ్డ కట్లు వచ్చాయి. పై సొరుగులోని అడ్డపలక ఊడదీసి కాలికి దన్నుగా పెట్టి, సామాను పట్టీలతో కట్టారు. అంతా నాలుగు నిమిషాల్లో అయింది. ఆ తర్వాతే చిక్కొచ్చింది. కాలు మడవకూడదు. మధ్య సీటు పొడవు నాలుగున్నర అడుగులు, మనిషి ఐదున్నర పైనే. పెట్టె మీద పడుకోబెడదామంటే టాపుకూ దానికీ మధ్య రెండడుగుల సందు. పక్కన కూర్చుని కాలు కదలకుండా పట్టుకునేవాళ్లకు చోటే లేదు. పెట్టె దించక తప్పలేదు. దాని బోల్టులు సొరుగుల అడుగున ఉన్నాయి. ముందు సామాను తీయాలి, తర్వాత సొరుగులు, ఆ తర్వాత బోల్టులు. నలుగురు కలిసి, వానలో తడుస్తూ చేస్తే ముప్ఫై అయిదు నిమిషాలు పట్టింది. ఆస్పత్రికి చేరడానికి పట్టింది ఇరవై నిమిషాలు.

కూలీ బతికాడు. కాలూ దక్కింది. కొన్ని నెలలకు కర్ర సాయంతో జెట్టీకొచ్చి, బండి పక్కన నిలబడి టీ ఇప్పించాడు కూడా. ఆలస్యమైందని ఎవరూ ఒక్క మాట అనలేదు. అన్నది ఆయన గడియారమే. ఆ ముప్ఫై అయిదు నిమిషాలూ చెక్క దిమ్మ మీద పడి అరిచిన మనిషి గొంతు వింటూ, తాను ఇష్టపడి బిగించిన ఒక్కో బోల్టునూ తిట్టుకుంటూ విప్పానని ఆయన చెబుతారు. అప్పటిదాకా ఆయన లెక్కంతా బండి ఆగిపోతే ఎలా, టైరు పేలితే ఎలా అన్నదే. ప్రతి ఆపదా తన ఇంజనుకే వస్తుందనుకున్నారు. పక్కవాడికి ఆపద వచ్చినప్పుడు బండిలో కావలసింది సామాను కాదు, ఖాళీ.

తిరిగొచ్చిన వారానికే పెట్టెను రంపంతో నిలువునా కోయించారు. ఇప్పుడు దాని వెడల్పు అడుగున్నర. కుడిపక్క మడిచిన సీటుకు ఆనుకుని ఉంటుంది. నాలుగు రెక్కల నట్లు చేత్తో తిప్పితే మొత్తం ఊడొస్తుంది, స్పానర్ అక్కర్లేదు. సామానులో సగం ఇంటి దగ్గరే ఆగిపోయింది. ఆగిపోయాక తెలిసిందేమంటే, అందులో చాలా భాగం రెండేళ్లలో ఒక్కసారీ వాడలేదు. ‘ఎందుకైనా మంచిది’ అనుకుని మోసినవే. మధ్య సీటు ముందుకు మడిస్తే ఎడమపక్క ఆరడుగుల చోటు. అవసరమైతే వెనక సీటు దించి మరో మనిషి కూర్చోవచ్చు. అడ్డపలకలను మాత్రం కాస్త పొడవుగా, అంచులు నున్నగా చేయించారు. అవి మళ్లీ ఏ కాలికి దన్ను కావాల్సి వస్తుందో!

దీవుల్లో ఖాళీ చోటును ఖాళీగా ఉంచడం తేలిక కాదు. ఎవరో ఒక బియ్యం బస్తా వేస్తామంటారు, మరొకరు టీవీ పెట్టె. సరుకుకు ఓడలూ లారీలూ ఉన్నాయి కదా అని నవ్వుతూ తప్పించుకుంటారు. బస్సు తప్పిపోయిన బడి పిల్లలో, జ్వరంతో ఉన్న ముసలివాళ్లో అయితే ఆ మాట అనరు. తల్లి ఇప్పుడు ఆ ఎడమపక్కనే కూర్చుని డిగ్లీపూర్‌లోని చెల్లెలింటికి వెళ్తుంది. తన మాట నెగ్గిందని ఆమె ఏనాడూ అనలేదు. సీటు గట్టిగా ఉందని మాత్రం సణుగుతుంది.

జిర్కాటాంగ్‌లో కాన్వాయ్ కదిలే వేళయింది. ఆయన చివరి పట్టీ బిగించి తలుపు వేయబోతారు. తలుపు లోపలి వైపు ప్లాస్టిక్ కవరులో ఒక జాబితా అంటించి ఉంది. ఎరుపు, నీలం, పసుపు గళ్లలో ఎక్కడ ఏముందో రాశారు. అట్టడుగున, ఏ రంగూ లేని గడిలో ఒక్క ముక్క: ‘ఎడమపక్క - ఖాళీ’. ప్రయాణానికి ముందు దాన్ని కూడా ఒకసారి చూసుకుంటారు. ఉండాల్సినట్టే ఉందని నిర్ధారించుకున్నాకే తలుపు మూస్తారు.