గట్టు మీద వెలుగు

ధవళేశ్వరం ఆనకట్ట దాటి, బొబ్బర్లంక మీదుగా ఆత్రేయపురం చుట్టాలింటికి మోటారు సైకిలుపై వెళ్లడం మాకు అలవాటు. 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తి చేయించిన నాటి నుండి కాలువలే ఈ సీమకు ప్రాణం. గట్టు రోడ్డుకు ఒక పక్క నీరు, మరో పక్క చేలు. రాత్రివేళ బండి దీపం చాలక, 20 వాట్ల దీపాలు రెండు అదనంగా బిగించుకున్నాం.

ఒక రాత్రి సైకిలు మీద ఎదురొచ్చిన పెద్దాయన ఆ వెలుగుకు కళ్లు చెదిరి గట్టు అంచుకు జారిపోయారు. పరుగున వెళ్లి లేవదీశాం. "మీకు దారి కనబడింది బాబూ, నాకే కనబడలేదు" అన్నారాయన.

మరునాడే పని సరిచేశాం. 40 వాట్లను 12 వోల్టులతో భాగిస్తే మూడున్నర ఆంపియర్లకు లోపే. అందుకే బ్యాటరీ దగ్గరే 5 ఆంపియర్ల ఫ్యూజు పెట్టి, ఆ తర్వాత రిలే కలిపాం. దీపాల కరెంటు రిలే గుండానే పోతుంది గనుక స్విచ్చి కాలదు. రిలేను కదిపే తీగను హైబీమ్ నుండి తీసుకున్నాం. డిమ్ చేస్తే చాలు, అదనపు దీపాలూ ఆరిపోతాయి. దీపాల మొహాలు కూడా రోడ్డువైపు కొంచెం వంచాం.

ఇప్పుడు ఎదురుగా ఎవరు వచ్చినా బొటనవేలు ముందే డిమ్ మీటకు పోతుంది. మన దారికి వెలుగు కావలసిందే. అది పొరుగువాని దారిని చీకటి చేయకూడదు.