అమ్మ ఊపిరికి ఒక టికెట్

మా బరంపురం తెలుగువాళ్లకి హైదరాబాదు వెళ్లడమంటే రైలెక్కడమే. పులిహోర పొట్లం కట్టుకుని, నీళ్ల సీసాలు సర్దుకుని రైల్లో కూర్చుంటే, కాసేపటికే ఇచ్ఛాపురం బోర్డు మీద తెలుగు అక్షరాలు పలకరిస్తాయి. 1936లో గంజాం జిల్లా ఒరిస్సాలో కలిసిన నాటి నుంచి మా బంధువర్గమంతా సరిహద్దుకి అటు కొందరు, ఇటు కొందరు. మనలాంటి వాళ్ల ఇళ్లలో ప్రయాణం లేకుండా ఒక పెళ్లి గాని, బారసాల గాని జరగదు కదా! అందుకే ఇంట్లో పెద్దవాళ్లకి ప్రయాణం కుదరని రోజు వస్తే, అది ఒక్క ఊరికి దూరం కావడం కాదు, అయినవాళ్లందరికీ దూరం కావడమే.

మా అమ్మకి ఆ రోజు 2021లో వచ్చింది. అప్పటికి డెబ్బై నాలుగేళ్లు. నాలుగడుగులు వేస్తే ఆయాసం. ఊపిరితిత్తుల డాక్టరు గారు పరీక్షలన్నీ చూసి, "అమ్మగారూ, మీ ఇంట్లో ఎవరైనా పొగ తాగేవారా?" అని అడిగారు. అమ్మ నవ్వి, "మా ఇంట్లో పొయ్యి తాగేది బాబూ, ఆ పొగ నేను మింగేదాన్ని" అంది. సరుగుడు కట్టెలు, పిడకలు పెట్టి పాతికేళ్లు వండింది మరి. ఇంటిల్లిపాదికీ అన్నం పెట్టిన ఆ పొగే ఆవిడ ఊపిరితిత్తుల్ని తినేసింది. కట్టెపొయ్యి పొగ వల్ల సిగరెట్టు ముట్టని ఆడవాళ్లకి కూడా ఈ జబ్బు వస్తుందని డాక్టరు గారు చెబితేగాని నాకు తెలియలేదు. అప్పటి నుంచి రోజులో ఎక్కువ భాగం ముక్కుకి ఆక్సిజన్ గొట్టం.

2022లో హైదరాబాదులో మా అక్క కూతురి పెళ్లి. అమ్మకి మొదటి మనవరాలు. బరంపురం పట్టుచీర ఆర్నెల్ల ముందే తీసి బీరువాలో పెట్టుకుంది. రైల్లో పదహారు పదిహేడు గంటలు. బోగీలో ప్లగ్గు పని చేస్తుందో లేదో నమ్మకం లేదు. విమానమైతే గంటన్నర. మా ఊరి పక్కన రంగైలుండలో ఎయిర్‌స్ట్రిప్ ఉంది గాని, హైదరాబాదు విమానం కోసం నూట డెబ్భై కిలోమీటర్ల దూరంలో ఉన్న భువనేశ్వర్ పోవలసిందే. సరేనని టికెట్లు తీశాను.

ఇక్కడే నా తెలివి వెర్రితలలు వేసింది. మా బ్రాంచిలో ఒక మిత్రుడు, "జబ్బు సంగతి చెబితే ఎక్కనివ్వరండీ, చెప్పకండి" అని సలహా ఇచ్చాడు. నేను విన్నాను. అప్పు కోసం వచ్చినవాళ్లకి ముప్ఫై ఏళ్లుగా "ఉన్న బాకీలన్నీ దరఖాస్తులో రాయండి, దాచారంటే మీకే నష్టం" అని చెప్పే మనిషిని! చిన్న ఆక్సిజన్ సిలిండరు ఒకటి గుడ్డ సంచీలో పెట్టి, పైన అప్పడాల కట్ట పెట్టి తీసుకెళ్లాను.

కౌంటర్ దగ్గరే దొరికిపోయాం. అక్కడి అమ్మాయి మర్యాదగానే చెప్పింది. ముందుగా అనుమతి లేని సిలిండరు విమానం ఎక్కదు. సిలిండరు వదిలేసి వెళదామంటే డాక్టరు ఉత్తరం లేదు, అమ్మ అది లేకుండా ఉండనూ లేదు. ఆ అమ్మాయి తప్పేమీ లేదు. తిరిగి వచ్చే దారిలో, కారులో మూడు గంటలకి పైగా అమ్మ ఒక్క మాట మాట్లాడలేదు. ఖల్లికోట దాటాక మాత్రం, "ఒరే, చీర ఎవరితోనైనా పంపించు" అంది. పెళ్లి ఫోనులో చూసింది. తాళి కట్టే వేళకి సిగ్నలు పోయింది.

ఆ రోజు నుంచి ఈ సంగతి నిర్ణయంగా తెలుసుకోవాలని పట్టుపట్టాను. తెలుసుకున్నది మీకూ చెబుతాను, ఎందుకంటే మనందరి ఇళ్లలోనూ పెద్దవాళ్లున్నారు.

విమానం ముప్ఫై వేల అడుగుల పైన ఎగురుతుంది. లోపల గాలిని నొక్కిపెట్టి ఉంచుతారు గాని, నేల మీద ఉన్నంతగా కాదు. సుమారు ఆరు నుంచి ఎనిమిది వేల అడుగుల కొండ మీద కూర్చున్నట్టు ఉంటుంది. మన గంజాం సముద్రపు ఒడ్డున పీల్చే గాలిలో ఆక్సిజన్ 21 శాతం. ఎనిమిది వేల అడుగుల మీద అది 15 శాతంతో సమానం. ఆరోగ్యవంతులకి ఆ తేడా తెలియదు. అమ్మలాంటి వాళ్లకి ఉన్న కొద్ది నిల్వా కరిగిపోతుంది.

మరి సిలిండరంటే ఎందుకంత భయం? ఆక్సిజన్ తాను మండదు గాని, మండేదాన్ని మరింత మండిస్తుంది. 1996 మే 11న అమెరికాలోని ఫ్లోరిడాలో ఒక విమానం సామాన్ల గదిలో, సరిగ్గా కట్టకుండా వేసిన ఆక్సిజన్ తయారుచేసే పరికరాల వల్ల మంటలు లేచి 110 మంది చనిపోయారు. అవి రోగుల సిలిండర్లు కావు, విమానం నుంచి తీసిన పాత సామగ్రి. అయినా ఆ సంగతి చదివాక, నా గుడ్డ సంచీ గుర్తొచ్చి ఒళ్లు జలదరించింది.

దీనికి మార్గం కాన్సంట్రేటరు. 2021 కోవిడ్ రోజుల్లో ఈ మాట ఇంటింటికీ తెలిసిందే. ఇందులో ఆక్సిజన్ నిల్వ ఉండదు. చుట్టూ ఉన్న గాలినే లోపలికి లాక్కుని, నత్రజనిని జియోలైట్ అనే పదార్థంతో పట్టి ఉంచి, ఆక్సిజన్‌ని ముక్కుకి అందిస్తుంది. భుజానికి తగిలించుకునే చిన్నవి బ్యాటరీ మీద నడుస్తాయి. అయితే చాలా చిన్న యంత్రాలు మనిషి ఊపిరి పీల్చినప్పుడు మాత్రమే వదులుతాయి. అది అందరికీ చాలదు. ఎవరికి చాలుతుందో డాక్టరే తేల్చాలి.

2024 జనవరిలో ఆ మనవరాలి కొడుక్కి బారసాల. "ఈసారి కూడా ఫోనులోనేనా?" అంది అమ్మ. నేను ఈసారి బ్యాంకు పద్ధతిలో దిగాను. డాక్టరు గారు అమ్మని ఆ యంత్రం పెట్టి నడిపించి చూసి, ఉత్తరం రాసిచ్చారు. జబ్బు పేరు, నేల మీద 2లో పెట్టాలి, పైన 3లో పెట్టాలి అని స్పష్టంగా. విమాన సంస్థకి ముందే ఫోను చేసి, వాళ్ల వైద్య ఫారం డాక్టరు గారి చేత పూర్తి చేయించి, యంత్రం మోడలు పేరుతో సహా పంపాను. ఒప్పుకున్నట్టు కాగితం వచ్చాకనే ఊపిరి పీల్చుకున్నాను.

తర్వాత బ్యాటరీల పద్దు. ప్రయాణ సమయానికి ఒకటిన్నర రెట్లు బ్యాటరీ ఉండాలన్నది విమానాల్లో సాధారణంగా పాటించే లెక్క. గంటన్నరకి రెండుంబావు గంటలు. కాని అమ్మ ఊపిరి విమానంలో మొదలై విమానంలో ఆగిపోదు కదా! విమానాశ్రయంలో రెండు గంటలు, పైన గంటన్నర, దిగి సామాన్లు తీసుకోవడానికి అరగంట, శంషాబాదు నుంచి అక్క ఇంటికి గంట. మొత్తం ఐదు. మా బ్యాటరీ 2 మీద నాలుగు గంటలు, 3 మీద మూడు గంటలు వస్తుంది. రెండు బ్యాటరీలు, తక్కువలో తక్కువ ఆరు గంటలు. మిగులు ఒక గంట. రెండో బ్యాటరీని చేతిసంచీలోనే, విడిగా ప్లాస్టిక్ కవరులో పెట్టాను. సామాన్ల గదికి వెళ్లే పెట్టెలో దాన్ని పెట్టకూడదు సుమా!

ఆ రోజు విమానం గంట ఆలస్యం. నా మిగులు సున్నా అయింది. నాకు చెమటలు పట్టాయి. అమ్మ మాత్రం చుట్టూ చూసి, "ఆ స్తంభం దగ్గర ప్లగ్గు ఉంది కదరా" అని చూపించింది. మేమిద్దరం ఆ స్తంభం పక్కనే గంటసేపు కూర్చున్నాం.

కిటికీ సీటు ఇచ్చారు. యంత్రం గాలి పీల్చే వైపు ఏమీ అడ్డం లేకుండా ముందు సీటు కింద పెట్టాం. పైకి వెళ్లాక వేలికి పెట్టిన ఆక్సీమీటరు 93 నుంచి 88కి దిగింది. డాక్టరు గారు రాసినట్టు 3కి మార్చాను. పది నిమిషాల్లో 91. అంతసేపూ నేను ఆ అంకెల వంకే చూశాను. అమ్మ కిటికీ లోంచి మబ్బులు చూసింది.

అక్క ఇంటికి చేరేసరికి రెండో బ్యాటరీలో రెండు గీతలు మిగిలాయి. మనవరాలు ఆ పట్టుచీరే కట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. పిల్లవాడిని ఒళ్లో పెట్టగానే వాడు ముందుగా అమ్మ ముక్కు గొట్టమే పట్టుకు లాగాడు. "లాగరా, లాగు, దీనికోసమే వచ్చాను" అంది అమ్మ.

చివరగా ఒక్క మాట. ఆక్సిజన్ మీద ఉన్న అందరూ విమానం ఎక్కవచ్చని నేను అనడం లేదు. నియమాలు కూడా సంస్థకి సంస్థకి మారతాయి. జబ్బు దాస్తే మాత్రం నష్టపోయేది మన పెద్దవాళ్లే. ఆ పెళ్లి మా అమ్మకి మళ్లీ రాదు. ఆ బాకీ నా పేరు మీద అలాగే ఉంది.

మొన్న రాత్రి భోజనాలయ్యాక అమ్మ అడిగింది, "ఒరే, న్యూజెర్సీలో తమ్ముడి దగ్గరికి వెళ్లాలంటే ఎన్ని బ్యాటరీలు కావాలి?" అని. అమెరికాలో ఇలాంటి యంత్రాలని విమానాల్లో 2005లోనే అనుమతించారు. 2009 నుంచి అక్కడి సంస్థలు వాటిని కాదనకూడదు. కాని దారి మొత్తం మీద ఇరవై గంటల పైమాటే, దానికి ఒకటిన్నర రెట్లు. డాక్టరు గారు ఇంకా అవుననలేదు. అయినా నేను కాగితం మీద లెక్క వేయడం మొదలుపెట్టాను. ఈసారి విమానం ఆలస్యం కూడా ముందే కలిపి.