బాసు ఒళ్ళో పిల్లి

ఇట్లా రండి, మంట దగ్గరికి జరగండి. మదనపల్లె చలి తెలుసు కదా, డిసెంబరులో చెవులు మెలేస్తుంది. ఇవిగో వేయించిన చెనిక్కాయలు. ఒలుచుకుంటూ వినండి. ఈ రాత్రికి హీరోల ఊసొద్దు. గూఢచారి కథల్లో విలన్ గురించి చెప్పుకుందాం. అదే, మన 'బాసు' గురించి.

హీరో అంటే ఊరందరికీ ఇష్టమే. అందులో ఏముంది గొప్ప? నాకు మొదట్నించీ బాసే ఇష్టం. గోడ మీద పటం జరిపితే తెరుచుకునే తలుపు, దాని వెనక నేలమాళిగ, అందులో ఎర్రబల్బు, ఆ బల్బు వెలిగితే గజగజలాడే మనుషులు. మొహం మాత్రం చూపించరు. ఉంగరం చూపిస్తారు. కుర్చీ అటు తిరిగి ఉంటుంది. అది ఇటెప్పుడు తిరుగుతుందా అని గంటన్నర కళ్ళప్పగించి కూర్చోలేదూ మనం? కాదంటే ఆ చెనిక్కాయలు ఇక్కడ పెట్టేసి వెళ్ళండి.

బాసు కర్కశత్వానికి ఒక వరస ఉంది, గమనించారా? శత్రువు సంగతి తర్వాత. ముందు పని చెడగొట్టిన సొంత మనిషి పోవాలి. జేమ్స్ బాండ్ నవలలు రాసిన ఇయాన్ ఫ్లెమింగ్ 1961లో 'థండర్‌బాల్' నవలలో బ్లోఫెల్డ్ అనే బాసుని దింపాడు. వాడు నిండు సభలో, తన మనిషి కూర్చున్న కుర్చీలోకే కరెంటు పంపించి చంపేస్తాడు. సభ ఆగదు! సిగరెట్టు ముట్టడు, మందు ముట్టడు. మనం భోంచేశాక సోంపు నమిలినట్టు సువాసన బిళ్ళలు నములుతాడు, అంతే. ఇంకో ముచ్చట. ఫ్లెమింగ్ తను పుట్టిన రోజునే వీడికీ పెట్టాడు, 1908 మే 28. సంవత్సరంతో సహా! ఎంత ముద్దో చూడండి. మరి ఒళ్ళో తెల్లపిల్లి? నవలల్లో లేనే లేదు. 1963లో 'ఫ్రమ్ రష్యా విత్ లవ్' సినిమాలో వచ్చి ఒళ్ళో కూర్చుంది. మళ్ళీ దిగలేదు.

మా అవ్వ ఇట్లాంటి బాసుని తెర మీద చూసి ఒక్క మాటలో తేల్చేసింది. "వీడు మాయల ఫకీరు గదరా!" ఎంత నిజం! ఏడు సముద్రాల అవతల దాక్కున్న చిలక, ఆ చిలకలో ప్రాణం. ఫకీరుకి చిలక, బ్లోఫెల్డ్‌కి పిల్లి. ఫకీరు మంత్రించి రాళ్ళు చేస్తాడు, వీడు మీట నొక్కుతాడు. ఆ చిలకని పట్టి తెచ్చిన బాలవర్ధిరాజు చేతికి పిస్తోలు ఇచ్చి చూడండి, అచ్చం గూఢచారే. అందుకే ఈ కోటు తొడిగిన రాక్షసుడు మనకి కొత్తగా అనిపించలేదు. చిన్నప్పుడు అన్నం తినిపిస్తూ పరిచయం చేసినవాడే కదా.

ఇప్పుడు కుప్పం పోదాం పదండి. అక్కడి జనం అదృష్టమే అదృష్టం. ఇటు తమిళం, అటు కన్నడం, ఇంట్లో తెలుగు. గూఢచారులు ముగ్గురు! 1966లో మన కృష్ణ 'గూఢచారి 116'. మరుసటేడే అది 'ఫర్జ్'గా హిందీకి వెళ్ళి జితేంద్రని నిలబెట్టింది. 1968లో తమిళంలో ఎం.జి.ఆర్. 'రహస్య పోలీస్ 115'. మనకన్నా రెండేళ్ళు వెనకొచ్చి నంబరు ఒకటి తక్కువ పెట్టుకున్నారు, మర్యాదస్థులు. అదే ఏడు కన్నడంలో రాజ్‌కుమార్ సి.ఐ.డి. 999గా 'జేడర బలె'. అంటే సాలెగూడు. చూశారా, పేరులోనే బాసు కూర్చున్నాడు. 115లోనూ, 116లోనూ కథానాయిక జయలలితే. అసలు మాట ఇంకా చెప్పలేదు. ఆ 115 తీసింది ఎవరనుకున్నారు? కుప్పం పక్క పల్లెలో పుట్టిన బి.ఆర్. పంతులు! 'వీరపాండ్య కట్టబొమ్మన్', 'కర్ణన్' తీసిన చేత్తోనే గూఢచారినీ తీశాడు. మనవాడని చెప్పుకోరేం మీరు? నాకదే కోపం.

ఆ 115లో విలన్ ఎం.ఎన్. నంబియార్. ఆ కళ్ళు, ఆ నవ్వు, అరచేతులు రెండూ రుద్దుకునే ఆ తీరు! తెర మీద చూస్తే పిల్లలు అమ్మ కొంగులో దూరేవాళ్ళు. బయట? శాకాహారి. దశాబ్దాల పాటు శబరిమల వెళ్ళిన గురుస్వామి. ఎంత నిష్ఠగా కొండ ఎక్కేవాడో, అంత నిష్ఠగా చెడ్డవాడయ్యేవాడు.

ఇంతకీ మన బాసుకి స్థావరం ఎక్కడ పెడదామంటారు? నన్నడిగితే హార్స్‌లీ కొండ. నాలుగువేల అడుగుల పైమాటే, పొద్దున్నే మంచు, మెలికల దారి. కింద నుంచి ఎవడొస్తున్నా పైకి కనిపిస్తాడు. పిల్లికి బదులు పుంగనూరు ఆవు! మూడడుగులు కూడా ఉండదు కదా, కుర్చీ పక్కన నిలబెడితే గంగడోలు నిమురుతూ హుకుములివ్వొచ్చు. పైగా చిక్కటి పాలు. ఏ బ్లోఫెల్డ్‌కి ఉంది ఆ భోగం?

2018లో 116 మళ్ళీ వచ్చాడు, అడివి శేష్ 'గూఢచారి'. చూడనివాళ్ళు ఒక్క నిమిషం చెవులు మూసుకోండి. ఆ కుర్చీ ఇటు తిరిగితే అందులో జగపతిబాబు. ఎవరో కాదు, హీరోకి కన్నతండ్రి! ఫకీరు ఇంట్లోనే ఉన్నాడన్నమాట. ఆ దెబ్బకి నేను సీట్లోంచి లేచి నిలబడ్డాను. ఇప్పటికీ మన తెలుగు బాసుల్లో నా ఓటు ఆయనకే.

మంట చల్లారుతోంది, ఇంకో పుల్ల వేయండి. రేపు కుప్పం బండెక్కుతానన్నారు కదా? చుట్టాలింట్లో తమిళం వచ్చినవాళ్ళని పక్కన కూర్చోబెట్టుకుని ఆ 115 చూసి రండి. ఎం.జి.ఆర్. కోసం కాదు. నంబియార్ కోసం.