దసరా సెలవులలో ఏ యూరికి?

దసరా సెలవులు సమీపించినతోడనే పిల్లలుగల ప్రతి యింటను ఒక చర్చ పుట్టును. ఏ యూరికి పోవుదము? సెలవులు చాల దినములున్నను చేతిలోని సొమ్మును, ఇంటి పనులును కలిసి ప్రయాణమునకు రెండు దినములకంటె నెక్కువ మిగులనీయవు. అట్టి కొలది కాలమునకు రెండూళ్లు పోటీపడినపుడు ఒకదానిని కోరుకొనుట యనగా రెండవదానిని వదలుకొనుటయే. గడచిన శరత్తున మా యింట జరిగిన యట్టి చర్చ యొకటి మా విద్యార్థులకు ఉపయోగపడునని తలచి యిచ్చట వ్రాయుచున్నాము.

ఆ దినములలోనే జర్మనీ దేశమున చదువుకొనుచున్న మా పూర్వవిద్యార్థి యొకడు మాకు వ్రాసెను. అతనికి అక్టోబరులో నాలుగు దినముల విరామము దొరికినదట. ప్రాగ్ నగరమునకు పోవుటా, వియన్నాకు పోవుటా యని సలహా యడిగెను. మేము ఆ నగరములను పటమునందే చూచినవారము. ప్రాగ్ నగరము వల్టావా నదిపై నున్నదనియు, అచ్చటి చార్లెస్ వంతెనకు 1357లో పునాది వేసిరనియు, డాన్యూబు నదిపైనున్న వియన్నా హాబ్స్‌బర్గు చక్రవర్తులకు రాజధానిగా నుండెననియు తరగతిలో చెప్పుదుము. అంతకుమించి చెప్పుటకు మాకు అర్హత లేదు. కావున ఊళ్ల మాట విడిచి అతనినే నాలుగు ప్రశ్నలడిగితిమి. దారిలో ఎంత కాలము పోవును? ఎంత వ్యయమగును? తోడు ఎవరు? ఈసారి చూడకున్న మఱల చూడ వీలుకానిది ఏ యూర నున్నది? ఈ ప్రశ్నలనే రెండు దినముల పిమ్మట మా యింటను వేసికొనవలసి వచ్చినది.

మా కుమార్తె నిర్మల్ పట్టణమునకు పోవలెననెను. ఆమె పదవ తరగతి. బొమ్మలు గీయుటయందు మిక్కిలి ఆసక్తి గలది. నిర్మల్ కొయ్యబొమ్మల కీర్తిని మా విద్యార్థులందఱును వినియే యుందురు. తేలికయైన పొనికి కఱ్ఱను చెక్కి, చింతగింజల జిగురును రంపపుపొట్టును కలిపిన ముద్దతో అతుకులు పూడ్చి, నునుపు చేసి రంగులు వేయుదురు. ఆ పనివారిని నకాషీలందురు. వారి చేతి పండ్లను పళ్లెములో నుంచినచో నిజమైన పండ్లని చేయి చాచనివారుండరు. “వారు కుంచె పట్టు తీరు ఒక్కమారు కన్నులార చూడవలెను బాపూ” అని ఆమె కోరిక. అదియుగాక, నిర్మల్ దాటి మహబూబు ఘాటు ఎక్కి పోయినచో నేరడిగొండ మండలమున కుంటాల జలపాతము కలదు. కడెము వాగు అచ్చట నూటనలువది యడుగులకు పైబడిన యెత్తునుండి దుముకును. వానలు వెనుకబట్టిన దసరా దినములే దానిని చూడదగిన కాలము. ఎండకాలమున పోయిన రాళ్లే మిగులును.

మా కుమారుడు జగిత్యాల పక్షము వహించెను. వాని వాదమంతయు కోటను గూర్చియే. “అది నక్షత్రపు కోట. దానిని చూచినచో ఐరోపా కోటను చూచినట్లే” యనెను. అది వట్టి మాట కాదు. పూర్వపు కోటగోడలు ఎత్తుగా నుండెడివి. ఫిరంగులు వచ్చిన పిమ్మట ఆ యెత్తే వానికి చేటయ్యెను. గుండు తగిలి కూలిన గోడ అగడ్తను పూడ్చి శత్రువునకే దారి యిచ్చెడిది. అందుచే ఇటలీ దేశపు శిల్పులు పదునైదు, పదునాఱవ శతాబ్దములలో గోడల యెత్తు తగ్గించి, మందము పెంచి, వెనుక మట్టి పోసి, మూలలయందు బాణపు మొనలవంటి బురుజులను ముందునకు చాచిరి. ఒక బురుజు మీది ఫిరంగి ప్రక్క బురుజు ముఖమును కాపాడును గనుక శత్రువు నక్కుటకు చోటుండదు. వెనీసువారు 1593లో స్థాపించిన పాల్మనోవా పట్టణము ఈ పద్ధతికి పేరుపొందినది. ఫ్రాన్సున వోబాన్ (1633–1707) దీనిని శాస్త్రముగా సాగించెను. జగిత్యాల కోటను 1747లో ఇబ్రహీంఖాన్ ధంసా కట్టించెననియు, ఫ్రెంచి ఇంజనీర్లు అందు తోడ్పడిరనియు చెప్పుదురు.

తమ్ముని వాదమును అక్క యొక్క మాటతో తేల్చివేసెను. “నిర్మల్‌లో మాత్రము కోటలు లేవా? శ్యాంగఢ్ లేదా? బత్తీస్‌గఢ్ లేదా?” నిజమే. నిర్మల్ చుట్టును బురుజులు కలవు. వానియందును ఫ్రెంచివారి చేయి కలదని వాడుక. ధంసా పేరు ఆ యూరి కథలయందును వినబడును. అంతేకాదు, ఆంగ్లేయులను నైజామును ఎదిరించిన రాంజీ గోండును 1860లో అనుచరులతోకూడ ఉరితీసినది నిర్మల్‌లోనే. వెయ్యి ఉరుల మఱ్ఱి యని పిలువబడిన ఆ వృక్షము నేడు లేదు గాని ఆ పేరు ప్రజల నోట నిలిచినది. కోటయు, చరిత్రయు, శిల్పమును, జలపాతమును ఒక్కచోట దొరకగా జగిత్యాల యేల? మా కుమారునికి మాట తోచలేదు.

పిదప మేము లెక్కకు దిగితిమి. కరీంనగరమునుండి జగిత్యాల ఇంచుమించు ఏబది కిలోమీటర్లు. నిర్మల్ అంతకు రెండింతలకు మించిన దూరము, గోదావరి కావల. 2023 డిసెంబరునుండి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో స్త్రీలకు టికెట్టు లేదు గనుక మా తల్లికి, మా గృహిణికి, మా కుమార్తెకు ఖర్చు లేదు. మాకును మా కుమారునికిని మాత్రమే చార్జీ. కాని నిర్మల్‌లో ఒక రాత్రి బసకు అద్దె యియ్యవలెను. కుంటాలకు వేఱుగా బండి మాటలాడవలెను. జలపాతము క్రిందికి కొన్ని వందల మెట్లు దిగవలెను. మా తల్లి మోకాళ్లు అందుకు సమ్మతింపవు. ఆదివారపు ఆరాధనకు తిరిగి చేరవలసిన పనియు మాకు కలదు. ఇన్ని యున్నను, పిల్ల కోరినది, చదువునకు పనికివచ్చునది, పోవుదమనియే మేమును నిశ్చయించుకొంటిమి.

ఇంతసేపును మా తల్లి చిక్కుడుకాయలు ఒలుచుచు ఊరకుండెను. మేము ముగించిన పిమ్మట, “మంచిది బిడ్డా, నిర్మల్‌కే పోండి. పిల్లలు మురిసెదరు. దారిలో బస్సు జగిత్యాలలో ఆగును గదా, అక్కకు ఈ గరిజెల డబ్బా అందిచ్చి పోండి. ఆమె మనుమని బస్టాండుకు రమ్మని చెప్పెదను” అనెను.

మా పెద్దమ్మ జగిత్యాలలో కుమారుని యింట నున్నది. ఎనుబది యేండ్లు దాటినవి. చూపు చాల మందగించినది. మేము ఉపాధ్యాయ శిక్షణ పొందిన కాలమున మా యింట పూట గడచుటయే కష్టముగా నుండగా, ఈమె రెండు బఱ్ఱెల పాలు అమ్మి ప్రతినెలయు మా వసతిగృహపు సొమ్ము పంపెను. ఆ సొమ్మును ఏనాడును తిరిగి అడుగలేదు. మేము ఆమెను చూచి రెండేండ్లయ్యెను.

మా కుమార్తె నాయనమ్మ మాట విని కొంత తడవు మౌనముగా నుండెను. పిమ్మట మా నాలుగవ ప్రశ్నను మాకే చెప్పెను. “కుంటాల మఱల వానలు పడగానే వచ్చును బాపూ.” తక్కిన సగమును ఆమె పలుకలేదు, మేమును పలుకలేదు. మేము ఆ రాత్రియే జగిత్యాలకు పోవుదమని చెప్పి పంపితిమి.

గంగాధర దాటినది మొదలు తంగేడును గునుగును దారి కిరుప్రక్కల పూచియుండెను. బతుకమ్మకై కోయువారు చేలగట్లపై కనబడిరి. కొండగట్టు మలుపులు దాటి మధ్యాహ్నమునకు జగిత్యాల చేరితిమి. మఱునాటి యుదయమున కోటకు పోతిమి. అగడ్తను, వంకర తిరిగిన గోడలను, బురుజుల మొనలను చూచి మా కుమారుడు అడుగులతో కొలత వేసెను. పటమున చూచి నేర్చిన విద్యను కాళ్లతో నడచి చూచుట వేఱు. ఒక మొనపై నిలిచి రెండవ మొనను చూచినపుడు, దాగుటకు చోటేల లేదో వానికి మేము చెప్పనక్కఱ లేకపోయెను.

పెద్దమ్మ మాతో రాలేదు. ఇన్నాళ్లు ఆ యూర నుండియు కోట నక్షత్రమువలె నుండునని తనకు తెలియదనెను. క్రిందనుండి చూచువారికి గోడయే గదా కనబడునది. మా కుమార్తె గీసి తెచ్చిన పటమును చూపబోయి, ఆమెకు కనబడదని గ్రహించి, ఆమె అరచేతిలో వ్రేలితో ఒక్కొక్క మొనయే గీసెను. పెద్దమ్మ నవ్వి, “ఇంకొకమారు గీయు బిడ్డా” యనెను. మా తల్లియు ఆమెయు ఆ రాత్రి తెల్లవారువఱకు మాటలాడుకొనుచునే యుండిరి. మేము బయలుదేరునపుడు మా చేయి పట్టుకొని, బడిలో పిల్లలను కొట్టకుమని మఱిమఱి చెప్పెను.

ఈ నిర్ణయమునకు మూల్యము లేదని మేము చెప్పము. రానున్న యేడు వానలు ఎట్లుండునో యెవరెఱుగుదురు? మా కుమార్తెకు అప్పటికి పై చదువు ఒత్తిడి యుండును. నిర్మల్ పనివారి కుంచెలు చూడలేదను కొఱత ఆమెకున్నది, మాకును ఉన్నది. జర్మనీనుండి వ్రాసిన విద్యార్థి ప్రాగ్ నగరమునకు పోయెనట. అచ్చట మిత్రుని గదియుండుటచే బస ఖర్చు తప్పినదని వ్రాసెను. అతని కారణము అతనికి తగినది.

మా విద్యార్థులకు చెప్పునది యింతయే. రెండూళ్లను తూచునపుడు చూడవలసిన వస్తువుల సంఖ్య యొక్కటియే లెక్కింపకుడు. మీతో నడువలేనివారెవరో చూడుడు. ఏమియు కోరక ఊరకున్నవారిని అడుగుడు. వేచియుండగలది ఏదో, వేచియుండలేనిది ఏదో విడదీయుడు. ఆ మీదట ఏ యూరికి పోయినను మంచిదే.

మా కుమార్తె ఆ గరిజెల డబ్బాను జగిత్యాలనుండి ఖాళీగా తిరిగి తెచ్చినది. ఇపుడది మా యింటి అలమారులో నున్నది. దానిపై ‘కుంటాల’ యని చీటి యంటించి వారమునకు పది రూపాయల చొప్పున వేయుచున్నది, తమ్మునిచేతను వేయించుచున్నది.