ఏ మందు?

2024 జులై 8, సోమవారం. హనుమకొండ

పొద్దంతా ఒక దవాఖాన పాత కేసు రిజిస్టర్లతోనే సరిపోయింది. వయసు రాశారు, ఊరు రాశారు, తెచ్చిన టైమూ రాశారు. ఏ మందు అన్న గడిలో మాత్రం పేజీల కొద్దీ ‘అన్‌నోన్’. కొన్నిచోట్ల ‘మందు తాగిండు’, అంతే. మన దగ్గర జ్వరానికి వేసుకునేదీ మందే, సాయంత్రం తాగేదీ మందే, పత్తికి కొట్టేదీ మందే! కోడ్ వెయ్యబోతే అన్నిటికీ టీ60.9 ఒక్కటే మిగిలింది: పేరు తెలియని పురుగుమందు.

జులై 10, బుధవారం

2005లో అచ్చయిన ఒక పరిశోధన పేపర్ మళ్లీ తీశాను. అదీ వరంగల్ సర్కారు దవాఖాన రికార్డుల మీదే. 1997 నుంచి 2002 దాకా పురుగుమందు కేసులు 8,040. నూటికి దాదాపు 23 మంది దక్కలేదు. 2002లో చేరినవాళ్లలో ముగ్గురికి ఇద్దరు ముప్పై నిండనివాళ్లు. అక్కడ కాసేపు ముందుకు చదవలేకపోయాను.

ఆ ఏడాది పేరు తెలిసిన మందుల వల్ల పోయిన ప్రాణాల్లో ఎక్కువ భాగం రెండింటి ఖాతాలోనే పడ్డాయి: మోనోక్రోటోఫాస్, ఎండోసల్ఫాన్. ఏ అర్ధరాత్రో ఎవరో అడిగి రాయబట్టే కదా ఆ పేర్లు తేలినవి. శ్రీలంక మొదటిదాన్ని 1995లో, రెండోదాన్ని 1998లో ఆపేసింది. ఆ తర్వాత అక్కడ ఆత్మహత్యలు బాగా తగ్గాయి. మనకు ఎండోసల్ఫాన్ ఆగడానికి 2011లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. పేరే రాయకపోతే దేన్ని ఆపమని అడుగుతాం?

జులై 13, శనివారం

రాత్రి క్యాజువాలిటీలో ఉన్నాను. నర్సంపేట దిక్కు నుంచి ఒకాయన తమ్ముణ్ణి తెచ్చాడు.

“ఏం మందన్నా?”

“పత్తికి కొట్టేది మేడం.”

“డబ్బా తెచ్చిన్రా?”

బండి దగ్గరికి ఉరికి, తువ్వాలలో చుట్టి తెచ్చాడు. లేబుల్ సగం ఊడిపోయింది. ఎర్ర త్రికోణం కనిపిస్తోంది, కంపెనీ పెట్టిన పేరు పెద్దగా ఉంది. అసలు మందు పేరు కింద చీమతలకాయంత అక్షరాల్లో, మట్టి పట్టి. సిస్టర్ గ్లవ్స్ తొడుక్కుని తడి దూదితో మెల్లగా తుడిచి, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివింది. నేను గడిలో రాశాను. పక్క మంచం మీద తమ్ముడికి అట్రోపిన్ ఎక్కుతోంది.

“డబ్బా ఇయ్యుండ్రి మేడం. ఇంకా సగమున్నది, చేనుకు కొట్టాలె.”

“అది పోలీసోళ్లకు ఇయ్యాలన్నా.”

తువ్వాల కూడా వద్దని సిస్టర్ పక్కన పెట్టించింది. అతను ఖాళీ చేతులతో పోయి తమ్ముడి కాళ్ల దగ్గర కూర్చున్నాడు.