నక్షాలో మా ఊరి కుంట

మొన్న సంక్రాంతికి ఊరెళితే, బాబాయి ట్రంకు పెట్టెలోంచి గుడ్డకి అంటించిన పాత గ్రామ నక్షా తీశాడు. మడతల దగ్గర చిరిగింది, ఒక మూల చెదలు తినేశాయి. అరుగు మీద పరిచి నలుగురం చుట్టూ కూర్చున్నాం.

మైలుకి 16 అంగుళాల లెక్క. అంటే కాగితం మీద అంగుళం, నేల మీద 330 అడుగులు, సరిగ్గా ఐదు సర్వే గొలుసులు. ఆ 66 అడుగుల ఇనప గొలుసుని ముళ్లలో, బురదలో ఈడ్చిన కూలీల పేర్లు మాత్రం ఏ నక్షాలోనూ ఉండవు.

ఇప్పుడు కల్యాణమండపం ఉన్నచోట నక్షాలో కుంట ఉంది! వానొస్తే అక్కడ మోకాల్లోతు నీళ్లు నిలుస్తాయని పదేళ్లుగా మేస్త్రీని తిడుతున్నాం, పాపం. పక్కూరికి పోయే డొంక సగం చేలల్లో కలిసిపోయింది. ఎవరి చేలలోనో బాబాయికి తెలుసు, చెప్పడు. (మాదీ ఉందని నా అనుమానం.)

నక్షాలో ఒక్కో చేనూ ఉత్త సర్వే నంబరు. నానమ్మకి మాత్రం ఒకటి ‘తుమ్మల చెక్క’, పక్కది ‘దొరువు చేను’. 1815లో మనదేశానికి తొలి సర్వేయర్ జనరల్ అయిన కాలిన్ మెకంజీ, తన మనుషుల్ని పంపి ఊళ్ల కైఫీయతులు, అంటే స్థానిక చరిత్రలు కూడా రాయించుకున్నాడు. పటాలు గీసేవాడికే పటం చాలలేదన్నమాట.

జెరాక్సు తీయించి, నానమ్మ చెబుతుంటే పెన్సిలుతో చేల పేర్లు రాశాను. పదిహేడు వచ్చాయి. ఇంకో నాలుగు ఆవిడకి గుర్తు రాలేదు.