అణకువ ఎవరి సొత్తు?

2024 నవంబర్ 10, ఆదివారం, ఆలమూరు

వీధి చివరి ఇంట్లో పెళ్లిమాటలు నడుస్తున్నాయి. మధ్యవర్తి గట్టిగా చెబుతున్నాడు: “పిల్ల మహా అణకువండి బాబూ! ఎవరేమన్నా తలెత్తి మాటాడదండి ఆయ్!” ఆ పిల్ల ఎమ్మెస్సీ చదివింది. ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు. నాకు మనసు చివుక్కుమంది.

ఈ మాట ఎవరెవరికి వాడతామా అని ఆలోచిస్తూ కూర్చున్నాను. కోడలికి, పాలేరుకి, ఫీజు కట్టలేని పిల్లాడికి. పదెకరాల ఆసామి నెమ్మదిగా మాట్లాడితే మాత్రం ‘నిగర్వి’ అంటాం, ‘వినయశీలి’ అంటాం. పెద్దలకి సంస్కృతం, చిన్నలకి తెలుగు!

నవంబర్ 12, మంగళవారం

పదో తరగతిలో ఈ మాటే తీశాను. ‘అణగు’ నుంచి ఎన్ని మాటలో. పొగరు అణుగుతుంది, మంట అణుగుతుంది. అణగారిన జనం అంటాం, అణచివేత అంటాం. వీటన్నిటిలో పైనుంచి ఏదో ఒక బరువు పడుతోంది. అణకువలో ఆ బరువు లేదు, ఉండకూడదు. మనిషి తనంతట తాను తగ్గితేనే అది అణకువ. భయపడి తగ్గితే దాన్ని భయమనే పిలవాలి.

‘ఒద్దిక’ ఇంకొంచెం వేరు. ఒద్దికైన కాపురం అంటాం కదా, అందులో ఇద్దరూ సర్దుకుంటారు. ఒక్కరే సర్దుకుంటే అది ఒద్దిక ఎలా అవుతుంది?

వెనక బెంచీలోంచి ఒకమ్మాయి లేచింది. “మరి అణకువ ఉన్నోళ్లు కాదని చెప్పొచ్చాండీ?”

చెప్పొచ్చన్నాను. ఎలాగో రేపు చెబుతానన్నాను.

నవంబర్ 13, బుధవారం

ఆ ప్రశ్నకు జవాబు మన పక్కనే ఉంది. డొక్కా సీతమ్మగారు పుట్టింది మండపేటలో, 1841లో. అత్తవారిది లంకల గన్నవరం. భర్త జోగన్నగారు కలిగిన రైతు. ఏరు దాటి వచ్చేవాళ్లకి, పొద్దుగూకిపోయినవాళ్లకి, కులం అడక్కుండా ఏ వేళప్పుడైనా వండి పెట్టింది. 1909లో పోయేదాకా అదే పని.

పిల్లలకి ముందు పల్లకీ కథ చెప్పాను. మా వైపు అందరూ చెప్పుకునేదే. ఎప్పటినుంచో అంతర్వేది నరసింహస్వామిని చూడాలని ఆమెకి కోరిక. ఎట్టకేలకు బయలుదేరింది. దారిలో బోయీలు పల్లకీ దించి అలుపు తీర్చుకుంటుంటే, అటుగా ఒక పెళ్లిబృందం వచ్చింది. పిల్లలు ఆకలికి ఏడుస్తున్నారు. ఇంకాస్త ఓర్చుకోండి, గన్నవరం చేరితే సీతమ్మగారింట్లో తిందురుగాని అని పెద్దలు బుజ్జగిస్తున్నారు. పల్లకీలో ఉన్నది ఆమేనని వాళ్లకి తెలీదు. ఆమె చెప్పనూ లేదు. పల్లకీ ఇంటికి తిప్పమంది. వాళ్లకంటే ముందు చేరి పొయ్యి వెలిగించాలి మరి!

తరవాత ఫొటో కథ. ఏడో ఎడ్వర్డ్ పట్టాభిషేకపు వేడుకకి ఆమెకి పిలుపొచ్చిందనీ, రాలేనని చెప్పిందనీ అంటారు. పోనీ ఫొటో అయినా ఇమ్మంటే, దానికీ ఒక పట్టాన ఒప్పుకోలేదట.

“చూశావా, చక్రవర్తి పిలిస్తే కాదంది” అన్నాను ఆ అమ్మాయితో. రాజు ముందు తల వంచలేదు, ఆకలితో వచ్చినవాడికి వడ్డించేటప్పుడు నడుం వంచింది. రెండూ ఒక్క మనిషే. ఎవరేమన్నా తలెత్తకపోవడమే అణకువ అయితే, సీతమ్మగారికి ఆ మాట నప్పనే నప్పదు.

బడిలో మధ్యాహ్న భోజనానికి ఈ ఏడాది నుంచీ ఆమె పేరే. గన్నవరంలో వైనతేయ మీదుగా కాలువ నీళ్లు దాటించే కొత్త అక్విడెక్టుకీ ఆమె పేరే.

నవంబర్ 15, శుక్రవారం

కార్తీక పౌర్ణమి. సాయంత్రం రేవులో ఆ మధ్యవర్తి కనిపించాడు. ఆ పిల్లని గురించి ఇంకోచోట చెప్పేటప్పుడు ముందు చదువు చెప్పమన్నాను. “చదువెక్కువైతే భయపడతారండి మగపెళ్లివారు” అన్నాడు. భయపడేవాళ్లింటికి ఆ పిల్లనెందుకు పంపడం అని అడిగాను. చూద్దామండి అని దీపాలవైపు నడిచాడు. రేపు ఆ పిల్ల తండ్రితోనే మాట్లాడాలి.